ఫోన్‌ల రెండు విమానాలు కలిసినట్టు కనపడితే ఆకాశంల కలిసినట్టేనా?

[స్క్రీన్ మీద: ఫోన్ యాప్‌ల మ్యాప్. హుజూరాబాద్ కాడ రెండు పసుపుపచ్చ విమానం బొమ్మలు, ఒకదాని మీద ఒకటి.]

నమస్తే అన్నలకు, అక్కలకు. గిసొంటి బొమ్మ మీకు ఎప్పుడో ఒకప్పుడు వాట్సాప్‌ల వచ్చే ఉంటది. విమానాలు ఏడికెల్లి ఏడికి పోతున్నయో చూపెట్టే యాప్ ఉంటది కదా, దాంట్లకెల్లి తీసిన స్క్రీన్‌షాట్. కింద ఎవరో రాస్తరు: "మన మీదనే రెండు విమానాలు గుద్దుకోబోయినయి, దేవుడే కాపాడిండు, అందరికి పంపుండ్రి." ఇగ అది గ్రూపులల్ల తిరుగుతనే ఉంటది. జగిత్యాలల ఒక తల్లి చూస్తది. ఆమె కొడుకు ఆ రాత్రే శంషాబాద్‌ల దుబాయ్ విమానం ఎక్కుతుంటడు. ఆమెకు నిద్ర పడ్తదా?

నాకు కోపమొచ్చేది గక్కడ. ఆ బొమ్మల ప్రమాదం లేదు. ఏడనో ఒక గదిల తెర ముంగట కూసోని విమానాలకు తొవ్వ చెప్పే మనిషి, అంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్, మంచిగ చేసిన పని ఉన్నది దాంట్ల. మ్యాప్ మీద రెండు విమానాలు ఒక్క చోటికి వచ్చి సుత ఏం కాకుండ ఎవరి తొవ్వల వాళ్లు పోయిండ్రంటే దానికో లెక్క ఉన్నది. ఇయ్యాల ఆ లెక్క చూద్దాం.

ముందుగాల బొమ్మ సైజు సంగతి. ఫోన్ తెర ఏడు సెంటీమీటర్ల వెడల్పు, దాంట్ల మొత్తం తెలంగాణ పట్టింది అనుకోండ్రి. అంటే ఒక్కో మిల్లీమీటర్‌ల అయిదారు కిలోమీటర్లు ఉన్నట్టు. విమానం బొమ్మ మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటది. ఆ పసుపు బొమ్మ ఒక్కటే 15, 20 కిలోమీటర్ల నేలను కప్పుతున్నది. అసలు ఎయిర్‌బస్ ఎ320 పొడుగు 37 మీటర్ల పైన జరంత. బొమ్మలు ఒకదానికొకటి ఆనినయంటే ఒక విమానం హుజూరాబాద్ మీద, ఇంకోటి జమ్మికుంట మీద ఉండొచ్చు.

సరే, నిజంగనే ఒకదాని మీద ఒకటి ఉన్నయి అనుకుందాం. ఆ బొమ్మ మీద వేలుతోటి ఒత్తితే ఎత్తు చూపెడ్తది.

[స్క్రీన్ మీద: మొదటి విమానం 35,000 అడుగులు. రెండోది 36,000 అడుగులు.]

స్క్రీన్‌షాట్ తీసినాయన గది ఒత్తి చూడడు. నడ్మ 1,000 అడుగులు, అంటే 300 మీటర్ల పైన ఖాళీ ఉన్నది. "గింతేనా?" అంటరు. గంత చాలు. ఎందుకు చాలో చెప్పాలంటే నేను కాజీపేట జంక్షన్‌కు పోవాలె, మీరు సుత రావాలె.

సికింద్రాబాద్ దిక్కుకెల్లి వచ్చిన లైను కాజీపేటల చీలి ఒకటి బల్హార్షా దిక్కు, ఒకటి వరంగల్ మీదుగ విజయవాడ దిక్కు పోతది. రోజంతా బండ్లే. గన్ని బండ్లు ఒకదానికొకటి తగలకుండ ఎట్ల పోతున్నయి? డ్రైవర్ ముంగట బండిని చూసి బ్రేక్ కొట్టుడు వల్ల కాదు. రెండు స్టేషన్ల నడ్మ ముక్కను బ్లాక్ సెక్షన్ అంటరు. పాత పద్ధతిల ఆ ముక్కల ఒక్క సారికి ఒక్క బండే. ముంగటి బండి దాటిపోయిందాక ఎన్క బండికి లైన్ క్లియర్ ఇయ్యరు. ఒక బండి ఇంకో బండికి కండ్లవడే కాడికే రానియ్యరు.

ఆకాశంల చేసేది సుత గదే. ఒక్కటే తేడా, అక్కడ పట్టాలు లేవు కాబట్టి బ్లాకు నేల మీద ఉండదు. ప్రతి విమానం తన బ్లాకును తనతోటే మోసుకపోతది. రాడార్ చూపు ఉన్న పై దారులల్ల ఆ బ్లాకు పక్కలకు 5 నాటికల్ మైళ్లు. అంటే 9 కిలోమీటర్ల పైన, అటిటుగ కాజీపేటకెల్లి వరంగల్ స్టేషన్ అంత దూరం. మీద కింద 1,000 అడుగులు. ఎయిర్‌పోర్ట్ దగ్గరికి వచ్చినంక, రాడార్ మంచిగ అందే కాడ, 5 మైళ్లను 3 మైళ్లకు తగ్గిస్తరు. ఈడికెల్లి నేను మైలు అంటే నాటికల్ మైలే.

ఇగ అసలు మాట ఇనుండ్రి. రెండు విమానాల నడ్మ ఎత్తన్న ఉండాలె, దూరమన్న ఉండాలె. రెండూ ఒక్కసారి ఉండాలెనని లేదు, ఏదో ఒకటి ఉంటే చాలు. కాని ఉన్నది పోతున్నదంటే, అది పోకముందే రెండోది వచ్చి ఉండాలె. ఒక విమానం కిందికి దిగుకుంట ఇంకోదాని ఎత్తును దాటి పోవాలె అనుకోండ్రి. 1,000 అడుగులు తగ్గుడు మొదలయ్యేటప్పటికి ఆ రెండింటి నడ్మ 5 మైళ్లు వచ్చి ఉండాలె. అటు ఎత్తూ లేదు, ఇటు దూరమూ లేదు అనే క్షణం ఒక్కటి సుత రావద్దు. కంట్రోలర్ నౌకరీ మొత్తం గా ఒక్క క్షణాన్ని రానియ్యకుండ చూసుడే. మన స్క్రీన్‌షాట్‌ల దూరం సున్నా, ఎత్తు 1,000. బరాబర్ ఉన్నది.

ఎత్తు సంగతి ఇంకో మాట. విమానంల ఎత్తు కొలిచే మీటర్ నిజానికి కొలిచేది గాలి ఒత్తిడిని. వాతావరణం మారితే ఒత్తిడి మారుతది, మీటర్ చూపెట్టే ఎత్తు సుత మారుతది. గందుకే కొంత ఎత్తు దాటినంక ప్రపంచంల అన్ని విమానాలు తమ మీటర్‌ను ఒక్కటే అంకెకు పెడ్తరు, 1013 హెక్టోపాస్కల్స్. అప్పుడు వచ్చే ఎత్తునే ఫ్లైట్ లెవెల్ అంటరు. 35,000 అడుగులంటే లెవెల్ 350. ఆ అంకె భూమి మీదికెల్లి అచ్చంగ కరెక్ట్ కాకపోవచ్చు. కాని పక్క విమానం సుత గంతే తేడాతోటి చూపెడ్తది కాబట్టి ఇద్దరి నడ్మ ఎడం మారదు. నాకు ఈ ఉపాయం అంటే మస్తు ఇష్టం. భూమికి ఎంత ఎత్తుల ఉన్నమన్నది గక్కడ పెద్ద ముచ్చట కాదు, ఒకరికొకరు ఎంత ఎడంల ఉన్నమన్నదే ముచ్చట.

పైకి పోయినకొద్ది గాలి పలుచనైతది, వెయ్యి అడుగులకు ఒత్తిడి మార్పు తక్కువైతది, మీటర్ పట్టుకునుడు కష్టమైతది. గందుకే వెనుకట 29,000 అడుగుల మీద 2,000 అడుగుల ఎడం పెట్టేటోళ్లు. మీటర్లు మంచిగైనంక 29,000 కెల్లి 41,000 దాకా 1,000కి తగ్గించిండ్రు. మన దేశంల అది 2003 నవంబర్‌ల వచ్చింది. దాంతోటి గదే ఆకాశంల కొత్తగ ఆరు అంతస్తుల జాగ దొరికింది.

ఆ లెవెళ్లను ఎట్ల పంచుకుంటరంటే, తూర్పు సగం దిక్కు పోయేటోళ్లకు బేసి లెవెళ్లు: 330, 350, 370. పడమటి సగం దిక్కు పోయేటోళ్లకు సరి లెవెళ్లు: 340, 360, 380. మనోళ్లు శంషాబాద్‌కెల్లి దుబాయ్ పోయేటప్పుడు పడమటికి పోతరు కాబట్టి మామూలుగ 340, 360 సొంటివి వస్తయి. వాపస్ వచ్చేటప్పుడు 350, 370. అంటే ఎదురెదురుగ వచ్చేటోళ్ల నడ్మ, ఎవరు ఏం చేయకముందే, 1,000 అడుగుల ఎడం వచ్చి కూసుంటది. కాజీపేటల పోయే బండికి ఒక లైను, వచ్చే బండికి ఒక లైను ఉన్నట్టు.

"ఇగ కంట్రోలర్‌కు పనేమున్నది మరి?" అని అడుగుతరు. ఉన్నది. చూడుండ్రి.

[స్క్రీన్ మీద: దేశం మ్యాప్. ఢిల్లీ నుంచి చెన్నైకి ఒక గీత, ముంబై నుంచి విశాఖపట్నానికి ఒక గీత.]

మ్యాప్ మీద ఢిల్లీకెల్లి చెన్నైకి స్కేల్ పెట్టి నేరుగ గీత గీయుండ్రి. ముంబైకెల్లి విశాఖకు ఇంకో గీత. రెండూ ఏడ కలుస్తున్నయి? మన కరీంనగర్, వరంగల్ నడ్మ. నిజం రూట్లు పేర్లున్న పాయింట్ల మీదుగ అటిటు వంకర పోతయి, ఇది ఉదాహరణకే. కాని ఇంకోటి గమనించుండ్రి. ముంబైకెల్లి విశాఖ అంటే తూర్పు, బేసి లెవెల్. ఢిల్లీకెల్లి చెన్నై అంటే దక్షిణమే గాని జరంత తూర్పుకు వంగిన దక్షిణం, కాబట్టి అది సుత తూర్పు సగంల పడ్తది. అది సుత బేసి లెవెలే. ఇద్దరూ లెవెల్ 350ల ఉంటే? రూల్ ఇద్దరినీ ఒప్పుకున్నది, ఇద్దరూ కరీంనగర్ దిక్కే వస్తున్నరు. గిది జంక్షన్. ఇక్కడ పట్టాలు మార్చేటోడు కావాలె.

రైల్వేల అయితే ఏం చేస్తరు? ఒక బండిని ఔటర్ల ఆపుతరు. కాజీపేట ఔటర్ల ఆగిన బండిల కూసోనోళ్లు మనల ఎవరన్న ఉన్నరా? విమానానికి గా సౌలత్ లేదు. గాలిల నిలవడదు. పై దారుల నిమిషానికి దాదాపు 14 కిలోమీటర్లు పోతుంటది. రెండు ఎదురెదురుగ వస్తే 9 కిలోమీటర్ల ఎడం 20 సెకన్లల్ల ఖతం. కాబట్టి కంట్రోలర్ ఇప్పుడు విమానాలు ఏడ ఉన్నయి అని చూసుకుంట కూసుంటే పని జరగదు. ఇంకో పది, పదిహేను నిమిషాలకు ఏడ ఉంటయో చూడాలె. చాలమంది అనుకునేది తెరల చుక్కలు దగ్గరికి వస్తే అప్పుడు వాళ్లు మైకుల ఒర్రుతరని. దగ్గరికి వచ్చిందాక ఆగిండంటే ఆ పని అప్పటికే చెడిపోయినట్టు.

ఆ తెర ఎట్లుంటదో దగ్గరికెల్లి చూద్దాం.

[స్క్రీన్ మీద: నల్లటి తెర, ఒక చుక్క, పక్కపొంటి చిన్న చిన్న అక్షరాలు.]

ఒక చుక్క. దాని పక్కపొంటి సన్నటి గీత, గీత కొసకు రెండు మూడు వరుసల అక్షరాలు. విమానం పిలుపు పేరు. లెవెల్ 350. పక్కన బాణం మీదికి ఉంటే ఎక్కుతున్నది, కిందికి ఉంటే దిగుతున్నది. ఆ తర్వాత నేల మీద లెక్కన వేగం. ఈ అక్షరాలు రాడార్ తనకు తాను కనిపెట్టినయి కాదు. కిందికెల్లి సిగ్నల్ పోయి అడిగితే, విమానంల ట్రాన్స్‌పాండర్ అనే డబ్బా తన నాలుగంకెల కోడ్, తన ఎత్తు వాపస్ చెప్తది. ఆ డబ్బా లేకుంటే తెర మీద ఒట్టి చుక్కే మిగులుతది, ఎత్తు తెల్వదు. ఈ మాట జర యాదిల పెట్టుకోండ్రి, ఇంకొంచెం సేపట్ల దీని ఖరీదు ఎంతో చెప్త.

కంట్రోలర్ చుక్కల ముంగట గీతలు పొడిగించి చూస్తడు: పది నిమిషాలకు ఇది గక్కడ, అది గక్కడ. కలుస్తున్నయా? కలిస్తే మూడు ఉపాయాలు. లెవెల్ మార్చొచ్చు, ఒకదాన్ని 330కి దింపుతడు. వేగం మార్చొచ్చు. లేకుంటే దిక్కు తిప్పొచ్చు, ఒకటి ఇంకోదాని ఎన్కకెల్లి పోయేటట్టు. దిక్కు తిప్పుడుల ఒక సక్కటి లెక్క ఉన్నది: 1 డిగ్రీ తిప్పితే 60 మైళ్లు పోయేవరకు 1 మైలు పక్కకు జరుగుతది. దాటే జాగకు 120 మైళ్ల ముందే 5 డిగ్రీలు తిప్పితే అక్కడికి వచ్చేవరకు 10 మైళ్లు జరిగిపోయి ఉంటది. లోపల కూసున్నోళ్ల చాయ తొణకదు. గదే 5 డిగ్రీలు 15 మైళ్ల ముంగట తిప్పితే మైలుంబావే వస్తది. అప్పుడు ఆ 5 డిగ్రీలు దేనికి పనికిరావు. ఇగ తెల్సిందా, జల్ది చూసుడు అంటే ఏందో. మంచి కంట్రోలర్ చేసిన పని లోపల కూసున్నోళ్లకు అసలు తెల్వదు.

కామెంట్లల్ల ఒక ప్రశ్న మళ్లమళ్ల వస్తున్నది: వరంగల్ కాడ మామునూర్‌ల ఎయిర్‌పోర్ట్ వస్తే మన మీదుగ పోయే విమానాలన్నీ మామునూర్ టవర్‌తోటే మాట్లాడ్తయా? లేదు. 2025ల కేంద్రం ఒప్పుకున్నంక మామునూర్ మీద మనందరికి ఆశ ఉన్నది, నాకూ ఉన్నది. కాని టవర్ చూసేది రన్‌వేను, దాని చుట్టుపట్లను. దిగుడు ఎక్కుడు నడిపించేది అప్రోచ్. ఎత్తుల పోయేటోళ్లను చూసేది ఏరియా కంట్రోల్. దేశం ఆకాశాన్ని నాలుగు పెద్ద ముక్కలు చేసిండ్రు: ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై. హైదరాబాద్ ఆకాశం చెన్నై ముక్క కిందికి వస్తది. ఒక ముక్కకెల్లి ఇంకో ముక్కకు పోయేటప్పుడు ఈ కంట్రోలర్ ఆ కంట్రోలర్‌కు ముందుగాలనే చెప్పి అప్పజెప్తడు: గీ విమానం, గీ లెవెల్‌ల, గీ టైముకు వస్తది. అచ్చం ఒక స్టేషన్ మాస్టర్ ముంగటి స్టేషన్‌ను లైన్ క్లియర్ అడిగినట్టే.

లైన్ క్లియర్ అంటే ఇంకోటి యాదికొచ్చింది. స్టేషన్ మాస్టర్లు ఫోన్‌ల లైన్ క్లియర్ ఇచ్చుకునేటప్పుడు ఒక ప్రైవేట్ నంబర్ ఇచ్చి పుచ్చుకుంటరు. ఒట్టి "సరే"తోటి బండి కదలదు. రేడియోల సుత గంతే. "డిసెండ్ ఫ్లైట్ లెవెల్ త్రీ త్రీ జీరో" (లెవెల్ 330కి దిగు) అని కంట్రోలర్ అంటే పైలట్ "రోజర్" అని ఊకుంటే చెల్లదు. ఆ అంకెను మొత్తం తిరిగి చదవాలె, తన పిలుపు పేరు చెప్పాలె. అది కరెక్ట్‌గ చదివిండా లేదా అని కంట్రోలర్ చెవి పెట్టి ఇనాలె. తప్పు చదివితే గక్కడనే సరిచేయాలె.

ఇగ ఇందాక చెప్తనన్న మాట.

1996 నవంబర్ 12, సాయంత్రం. ఢిల్లీల సౌదీ విమానం, బోయింగ్ 747, లేచింది. కజకిస్తాన్ విమానం, ఇల్యూషిన్ 76, ఢిల్లీకి దిగుతున్నది. ఆ రోజులల్ల ఢిల్లీకి వచ్చేటోళ్లకు, పోయేటోళ్లకు ఒక్కటే దారి. అంటే దూరం అనే రక్షణ లేదు, ఎదురెదురుగనే వస్తున్నరు. మిగిలింది ఎత్తు ఒక్కటే. సౌదీ విమానానికి 14,000 అడుగులు ఇచ్చిండ్రు, కజక్ విమానానికి 15,000. అది పాటించి ఉంటే మన స్క్రీన్‌షాట్ లెక్కనే ఒకదాని మీదికెల్లి ఒకటి దాటిపోయేటియి. కాని కజక్ విమానం 15,000 కంటే కిందికి దిగింది. దాంట్ల రేడియోల మాట్లాడేటాయన వేరు, విమానం నడిపేటోళ్లు వేరు. ఢిల్లీ కంట్రోలర్ తెర మీద అప్పుడు ఉన్నది ఒట్టి చుక్కలే, ఎత్తు చూపే రాడార్ లేదు. ఎదురుంగ విమానం వస్తున్నదని ఆయన రేడియోల చెప్పిండు సుత. కాని అది ఎంత ఎత్తుల ఉన్నదో పైలట్ చెప్తేనే ఆయనకు తెల్సేది. హర్యానాల చర్ఖీ దాద్రీ మీద రెండూ గుద్దుకున్నయి. 349 మంది. ఒక్కరు మిగల్లేదు.

గందుకే నేను ఆ స్క్రీన్‌షాట్‌ను ఊకనే వదలను. చర్ఖీ దాద్రీ తర్వాత వచ్చేటోళ్ల దారి, పోయేటోళ్ల దారి వేరు చేసిండ్రు. ఎత్తు చూపే రాడార్ వచ్చింది. విమానాలు ఒకదానికొకటి గుద్దుకోకుండ పైలట్‌కు చెప్పే టీకాస్ అనే యంత్రాన్ని పెద్ద విమానాలల్ల తప్పనిసరి చేసిండ్రు. మనకు ఇయ్యాల దక్కిన ఆ 1,000 అడుగుల భరోసా ఎన్క గంతమంది ప్రాణాలు ఉన్నయి.

టైమ్ అయిపోవస్తున్నది, మిగిలినయి జల్ది జల్ది చెప్త.

టీకాస్ అంటే కవచ్ లెక్క అనుకోండ్రి. సిగ్నల్ తప్పినా, డ్రైవర్ తప్పినా బండిని ఆపేటందుకు రైల్వేల కవచ్ వచ్చింది కదా, మన దక్షిణ మధ్య రైల్వేలనే మొదలు పరీక్ష పెట్టిండ్రు. మొదట్ల దాని పేరు సుత టీకాసే. విమానంల టీకాస్ పక్క విమానం ట్రాన్స్‌పాండర్‌తోటి తానే మాట్లాడి, ఒకదాన్ని ఎక్కు, ఒకదాన్ని దిగు అంటది. కంట్రోలర్ ఒకటి చెప్పి టీకాస్ ఇంకోటి చెప్తే? పైలట్ టీకాస్ మాటే ఇనాలె. 2002 జులై 1న జర్మనీల ఊబర్లింగెన్ మీద ఒక విమానం కంట్రోలర్ మాట ఇని దిగింది, దాని టీకాస్ ఎక్కుమంటున్నది. ఇంకో విమానం తన టీకాస్ మాట ఇని దిగింది. 71 మంది పోయిండ్రు. అప్పటికెల్లి ఈ రూల్ మీద ఎవరికీ అనుమానం లేకుండ చేసిండ్రు.

ఇగ దిగే కాడ. పెద్ద విమానం రెక్కల ఎన్క గాలి సుడులు తిరుగుతయి. గందుకే బోయింగ్ 777 సొంటి పెద్దదాని ఎన్క ఎ320 దిగుతుంటే 3 మైళ్లు చాలవు, 5 మైళ్లు ఇడిచిపెడ్తరు. రన్‌వే మీద రద్దీ ఉంటే హోల్డింగ్‌ల పెడ్తరు. ఇది మన లూప్ లైన్. ఎక్స్‌ప్రెస్ పోయిందాక గూడ్సు బండిని లూప్‌ల పెట్టినట్టే, కాని నిలవెట్టుడు ఉండదు కాబట్టి తిప్పుతరు. ఒక్కో చుట్టు దాదాపు నాలుగు నిమిషాలు, ఒకరి మీద ఒకరు 1,000 అడుగుల ఎడంల. అడుగున ఉన్నోడు దిగుటానికి పోంగనే మీదోళ్లు ఒక్కో మెట్టు దిగుతరు. "మా విమానం హైదరాబాద్ మీద చుట్టూ తిరిగింది, ఏదో ఖరాబైంది కావొచ్చు" అని ఫోన్లు చేస్తరు. ఎక్కువసార్లు ఖరాబేం కాదు, లైన్ల ఉన్నరు.

ఆఖరుకు రన్‌వే. అది ఒక్క బ్లాకు, దాంట్ల ముంగటి విమానం ఇంకా ఉండంగ ఎన్కదాన్ని ఊకనే దిగనియ్యరు. 1977 మార్చి 27న టెనెరిఫే దీవిల రెండు 747లు రన్‌వే మీదనే తగిలి 583 మంది పోయిండ్రు; ఒకటి లేస్తున్నది, ఒకటి ఇంకా రన్‌వే మీదనే ఉన్నది. అప్పటికెల్లి "టేకాఫ్" అనే మాటను అనుమతి ఇచ్చేటప్పుడో, ఇచ్చింది రద్దు చేసేటప్పుడో తప్ప రేడియోల వాడరు. మిగిలిన టైముల "డిపార్చర్" అంటరు.

మీ విమానం నేల తాకబోయి ఒక్కసారి ఇంజన్ల చప్పుడు పెరిగి మల్ల మీదికి లేస్తే, దాన్ని గో అరౌండ్ అంటరు. ముంగటి విమానం రన్‌వే ఇంకా ఖాళీ చేయకపోతే కంట్రోలర్ చెప్తడు, లేకుంటే పైలటే తన లెక్కతోటి లేపుతడు. కడుపుల దేవినట్టు అయితది, నిజమే, కాని అది అందరూ నేర్చుకున్న మామూలు పని. చుట్టు తిరిగి వచ్చి మల్ల దిగుతరు. ఇంటికాడ ఎదురుచూసేటోళ్లకు సుత ఈ మాట ముందుగాలనే చెప్పి పెట్టుండ్రి.